జీపీఏ మీద దానపత్రాలు

రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ గారికి,

అయ్యా,

కడప జిల్లా నుంచి కువైట్ పోయేవాళ్లు పొలం చూసుకోమని అన్నకో బావమరిదికో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిస్తారు. టైపు కాగితంలో "అమ్ముటకు, తాకట్టు పెట్టుటకు" పక్కనే "దానమిచ్చుటకు" అని కూడా ఉంటుంది. సంతకం పెట్టేవాళ్లు చాలామంది అంతదాకా చదవరు. ఆ ఒక్క మాటతో జీపీఏ పొందిన ఏజెంటు పొలాన్ని తనవాళ్లకే దానంగా రాసుకోవచ్చు. పన్ను కూడా అడ్డు రాదు. ఎస్టేట్ డ్యూటీ 1985లో, గిఫ్ట్ ట్యాక్స్ 1998లో పోయాయి. దగ్గరి బంధువులిచ్చే దానానికి ఆదాయపు పన్నూ లేదు. కాబట్టి పన్ను అధికారి దాన్ని తరచి చూడడు. మిగిలిన కాపలా సబ్‌రిజిస్ట్రారే.

ఏజెంటు తన పేరనో భార్యాబిడ్డల పేరనో దానపత్రం తెస్తే, యజమానితో వీడియో కాల్‌లో మాట్లాడనిదే రిజిస్టర్ చేయవద్దని ఆదేశించండి. యజమాని చనిపోయాక ఆ జీపీఏతో దానం చెల్లదు. మనిషి ఉన్నదీ లేనిదీ కూడా ఆ కాల్‌లోనే తేలుతుంది. కర్నూలు, కడప మెట్టల్లో పోయిన ఎకరాన్ని గల్ఫ్ కూలి మళ్లీ కొనుక్కోలేడు.

ఇట్లు,
కడప జిల్లా పౌరుడు