దురద చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

షుగరు ఉందని చెప్పుకోవడానికి మనవాళ్లకు సిగ్గు లేదు. ఒళ్లు నవ పెడుతోందని చెప్పడానికి మాత్రం నోరు పెగలదు. శుభ్రత లేనివాళ్లకే గజ్జి, తామర అనే పాత లెక్క ఇంకా పోలేదు. ఆ లెక్క తప్పు.

రక్తంలో చక్కెర అదుపు తప్పితే చర్మం పొడిబారుతుంది. నరాలు దెబ్బతిన్న కాళ్లకు చెమట తగ్గి బీటలు వారుతాయి. చంకల్లో, గజ్జల్లో, మర్మస్థానాల్లో ఫంగస్ సులువుగా పెరుగుతుంది. కొందరికి మధుమేహం ఉన్నట్టు బయటపడేదే ఈ దురదతో. పూటపూటా స్నానం చేసేవారికీ ఇది రావచ్చు. మరీ వేడినీళ్లు, ఘాటు సబ్బు పొడిని ఇంకా పెంచుతాయి. గోకిన చోట పుండు పడితే, స్పర్శ తగ్గిన కాలికి ఆ సంగతే తెలియదు. పరువు చూసుకుందామా, కాలు చూసుకుందామా?

సిగ్గుపడినవారు డాక్టరు దగ్గరికి పోరు, మందుల అంగడికి పోతారు. అక్కడ ఒక ట్యూబు చేతిలో పెడతారు. నాలుగు రోజుల్లో దురద తగ్గుతుంది. అందులోని స్టెరాయిడ్ ఎరుపును, నవను అణిచిపెడుతుందే గాని తామరను చంపదు. లోపల అది పాకుతూనే ఉంటుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది. చీటీ అడగని అంగళ్లు ఇంకా ఉన్నాయి.

డాక్టరు దగ్గరికి పోయినా మనకు ఇంకో చిక్కుంది. హోసూరులో 'అరిప్పు' అనాలి, బళ్లారిలో 'తురికె' అనాలి. ఆ ఒక్క మాట అందరికీ వచ్చు. కానీ షుగరు మనిషి నవ వేరు, మంట వేరు, తిమ్మిరి వేరని విడమరచి చెప్పాలి. దేని వైద్యం దానిదే. తెలుగు తప్ప రాని అవ్వ మనవణ్ణి దుబాసీగా వెంట తీసుకుపోతుంది. గజ్జల్లో దురదని వాడి ముందు ఎలా చెబుతుంది? మోకాలి నొప్పి చెప్పి తిరిగి వస్తుంది.

మన సంఘాలు ఉగాదికి కవి సమ్మేళనాలు పెడతాయి, శాలువాలు కప్పుతాయి. కాదనను. ఆ ఖర్చులో కొంత మిగిల్చి ఒక్క కాగితం అచ్చు వేయించలేవా? ఒకపక్క తెలుగు, రెండోపక్క ఆ రాష్ట్ర భాష; ఏ చోట, ఎన్నాళ్లుగా, నవా, మంటా, తిమ్మిరా, షుగరు ఎంత, ఏ ట్యూబు పూశారు అన్నవి ఉంటే చాలు. అవ్వ వేలు పెట్టి చూపిస్తుంది. చదువురాకపోతే బొమ్మలు వేయండి.

సాహిత్య పత్రికలో గజ్జి, తామర గోలేమిటని అడిగేవారు ఉంటారు. భాష కావాలని మనం అడిగేది మన కష్టం చెప్పుకోవడానికి కాదా? ఒంటి బాధ చెప్పడానికి పనికిరానప్పుడు ఆ భాషను వేదికల మీద ఎంత పొగిడినా ఏం లాభం? వచ్చే ఉగాదిలోగా ఏ ఊరి సంఘం ఈ పని మొదలుపెడుతుందో చెప్పండి.