ఇత్తడి తిరిగొచ్చింది.. మరి కళాయి?

పెళ్లికైనా, గృహప్రవేశానికైనా ఇప్పుడు కానుకల్లో ఇత్తడి గిన్నెలదే జోరు. అటకల మీంచి అమ్మమ్మల నాటి గుండిగలు కిందికి దిగుతున్నాయి. ఆఫీసు బల్లల మీద రాగి సీసాలు మెరుస్తున్నాయి. ప్లాస్టిక్, నాన్‌స్టిక్ మీద విసుగొచ్చి పాత పాత్రల వైపు చూడటం మంచిదే. కానీ పాత్రను తెచ్చుకుంటున్నాం గానీ దాన్ని వాడే పద్ధతిని తెచ్చుకోవడం లేదు. నా అభ్యంతరమల్లా అక్కడే.

మన పాత వంటిళ్లలో అన్నిటికీ ఒకే లోహం వాడేవారు కాదు. పాలు దాలి మీద మట్టికుండలో కాగేవి. పులుసు రాచ్చిప్పలో ఉడికేది. ఊరగాయ జాడీలోకి వెళ్లేది. రాగి బిందె మంచినీళ్లకే. ఇత్తడి తపేలాలో వండాలంటే లోపల కళాయి పూత ఉండాల్సిందే. దీని వెనక ఉన్న లెక్క ఒక్కటే. రాగికి పులుపు పడదు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిపిన లోహం. కళాయి లేని గిన్నెలో చింతపండు పులుసో, మజ్జిగో ఉంచితే రాగి అందులోకి దిగుతుంది. ‘కిలుం పట్టింది’ అని పెద్దవాళ్లు పారబోసేది అందుకే. అది తింటే వికారం, వాంతులు, కడుపునొప్పి రావచ్చు.

ఆ పులుపు ఇత్తడిని తాకకుండా అడ్డుపడేదే కళాయి. గిన్నెను బాగా వేడిచేసి, నవాసాగరం చల్లి, కరిగిన తగరాన్ని గుడ్డతో లోపలంతా పూస్తారు. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. కాబట్టి ఖాళీ గిన్నెను పెద్ద మంట మీద వదిలేస్తే పూత పాడవుతుంది. గరుకు పీచుతో తోమితే అరిగిపోతుంది. అరిగినప్పుడల్లా మళ్లీ వేయించాలి. ఒకప్పుడు కళాయి వేసేవాళ్లు వీధుల్లోకే వచ్చేవారు. ఇప్పుడు గిన్నె ఆన్‌లైన్‌లో ఇంటికొస్తోంది, వాళ్లు మాత్రం రావడం లేదు.

అలాగని పాతరోజుల్లో అంతా సవ్యంగా జరిగిందనీ అనుకోకూడదు. మన దేశంలో ఎందరో పసిపిల్లల ప్రాణాలు తీసిన కాలేయ జబ్బు ‘ఇండియన్ చైల్డ్‌హుడ్ సిర్రోసిస్’. ఆ పిల్లల కాలేయాల్లో రాగి విపరీతంగా పేరుకునేది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి నిల్వ ఉంచిన పాలకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని 1980లలో పుణెలో జరిగిన పరిశోధనలు చూపాయి. పాలకు ఆ పాత్రలు వాడటం తగ్గాక జబ్బు కూడా చాలావరకు కనుమరుగైంది.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో 1913లో హ్యారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కును తయారుచేశారు. అసలు ఆయన వెతికింది తుపాకీ గొట్టాలకు పనికొచ్చే లోహం కోసం. ఆ స్టీలు చివరికి మన వంటింటిని ఆక్రమించింది ఊరికే కాదు. అది పులుపుకు లొంగదు, కళాయి అడగదు. స్టీలు గిన్నెను చిన్నచూపు చూడాల్సిన పనిలేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలూ ఇదే చెబుతున్నాయి. పచ్చళ్లు, సాంబారు లాంటి పుల్లటి పదార్థాలను అల్యూమినియం, ఇనుము, పూతలేని ఇత్తడి, రాగి పాత్రల్లో నిల్వ ఉంచడం క్షేమం కాదు. ఇనుప మూకుట్లో కూర వండితే ఒంటికి కొంత ఇనుము అందుతుంది, మంచిదే. కానీ వండగానే వేరే గిన్నెలోకి తీసేయాలి.

ఇత్తడి మీద మోజుంటే కొనండి. అయితే గిన్నె లోపల చూసి కొనండి. వెండిలా తెల్లగా ఉంటే అది కళాయి. పసుపుగా కనిపిస్తే అలంకారానికే, వంటకు కాదు. కళాయి సీసం కలవని తగరంతోనే వేయమని అడగండి. రాగి సీసాలో మామూలు నీళ్లే పోయండి. నిమ్మరసం, మజ్జిగ వద్దు. పసిపిల్లల పాలు మాత్రం స్టీలు గిన్నెలోనే కాచండి. ఇక ఎవరికైనా ఇత్తడి గిన్నె కానుకగా ఇస్తుంటే, కళాయి వేయించే ఇవ్వండి. ఆ ఖర్చు కూడా కానుకలో భాగమే.