పొలిమేర దాటుటకు ఏ పత్రము?

మా బోగోలు ప్రాంతమునుండి ఉత్తరదేశ యాత్రలకు బయలుదేరు పెద్దలు కాశీగయలతో తృప్తి నొందుట లేదు. పశుపతినాథుని, ముక్తినాథుని గూడ సేవింపవలెనని కోరుచున్నారు. కావలిలో రైలెక్కి, ఎటులో గోరఖ్‌పూరు చేరి, అచటనుండి సునౌలి మార్గమున నేపాళమున ప్రవేశింతురు. ఇట్టివారు పఠనమందిరమున మమ్ము తరచుగ నడుగు ప్రశ్న యొకటి గలదు. "అయ్యా, ఆధారు కార్డున్నది గదా, అది చాలునా?" ప్రశ్న చిన్నదే. కాని దీనికి ఒక్కమాటలో బదులు చెప్పలేక, న్యాయవాదవృత్తిలో నున్న మేమే తడబడవలసివచ్చుచున్నది. ఆ తడబాటే నేటి మా వ్యాసమునకు కారణము.

భారత నేపాళముల నడుమ 1950 జూలై 31న కుదిరిన సంధి ఉభయదేశముల ప్రజలకు నివాసమున, వ్యాపారమున, రాకపోకలయందు పరస్పర సౌకర్యముల నొసగినది. కావున మనవారికి అచట వీసా యక్కరలేదు. పాస్‌పోర్టు తప్పనిసరి కాదు. అంతమాత్రమున వట్టిచేతులతో పోవచ్చునని కాదు. తాను భారతపౌరుడనని చూపుటకు పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘమువారి ఓటరు గుర్తింపు కార్డు గాని దగ్గర నుంచుకొనుట మేలు. మరి ఆధారు? పేరు ఆధారమే, కాని పౌరసత్వమునకు ఆధారము కాదు. 2016 నాటి ఆధారు చట్టములోని 9వ సెక్షనే, ఆ సంఖ్య దానంతటది పౌరసత్వమునకు రుజువు కానేరదని స్పష్టముగ చెప్పుచున్నది.

ఇందొక చిత్రము గలదు. నేపాళ భూటానములకు పోవు 15 ఏండ్లలోపు బాలురకును, 65 ఏండ్లు దాటిన వృద్ధులకును ఆధారు చెల్లునని కేంద్ర హోంశాఖవారు 2019 జనవరిలో తెలిపిరి. నడుమ వయస్సువారికి చెల్లదనిరి. అనగా 66 ఏండ్ల తాతకు చెల్లిన కార్డు, ఆయన ప్రక్కన కూర్చున్న 63 ఏండ్ల అవ్వకు చెల్లదు! వృద్ధులకు సడలింపు నిచ్చిన దయను మేము కాదనము. కాని ఒకే కప్పు క్రింద కాపురము చేయు దంపతులలో ఒకరిని పౌరునిగను, వేరొకరిని అనుమానితురాలిగను చూపు నిబంధనను యాత్రికునకు ముందుగ తెలుపవలసిన బాధ్యత ఎవరిది? బయానా పుచ్చుకొను యాత్రల వ్యాపారి చెప్పడు. కార్డు నిచ్చిన కార్యాలయమును చెప్పదు.

పాస్‌పోర్టు తీసికొనరాదా యందురేమో. తీసికొనవలసినదే. కాని పేదవానికి ఆ దారిలో ముండ్లెన్నియో గలవు. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు, పేరు వెనుక. ఒక కార్డున ఇంటిపేరు పొడియక్షరముగ నుండును. మరొకదానియందు పూర్తిగ నుండును. స్త్రీలకు పుట్టినింటిపేరొకచోట, మెట్టినింటిపేరొకచోట. పుట్టినదినమో, 1989 నవంబరులో కావలివద్ద తీరము దాటిన పెనుగాలివానకు వెనుకనా ముందా యని లెక్కవేసి చెప్పువారు మా తీరగ్రామములలో నేటికిని గలరు. ఇట్టివారు అక్షరము తేడాకొక అఫిడవిటు, సంవత్సరము తేడాకొక అఫిడవిటు వ్రాయించుకొనుచు కోర్టు చెట్లనీడన కూలిదినములు పోగొట్టుకొనుటను మేము నిత్యము చూచుచున్నాము.

సరిహద్దు చీటియొక్క చరిత్ర మనకు క్రొత్త కాదు. దక్షిణాఫ్రికాలోని ట్రాన్సువాలు ప్రభుత్వము మనవారి వ్రేలిముద్రలు తీసి చీటీలు కట్టబెట్టగా, 1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గులో 2,000కు పైగా చీటీలను మనవారు అగ్నికాహుతి యొనర్చిరి. 1913 నవంబరు 6న గాంధీజీ వెంట నాటాలు కూలీలు అనుమతి లేకయే ట్రాన్సువాలు పొలిమేర దాటిరి. గాంధీజీ వ్రాసిన లెక్క ప్రకారము వారు 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు. మదరాసు రేవునుండి నాటాలునకు పోయిన కూలీలలో తెలుగువారు అనేకులుండిరని మరువరాదు. ఆనాటికి ఆ రెండును ఒకే యూనియనులోని రాష్ట్రములు. అయినను భారతీయునకు మాత్రము నడుమ గోడ యుండెను.

అట్లయిన నేడును చీటీలను కాల్పుమని మా యభిప్రాయమా? ఎంతమాత్రము కాదు. నాటి చీటి పరప్రభుత్వము మనపై వేసిన అనుమానపు ముద్ర. నేటి పత్రము స్వప్రభుత్వము తన పౌరునకొసగు అభయహస్తము కావలయును. అది చేతలేనివాని గతి యేమగునో మన మత్స్యకారుల నడుగుడు. గుజరాతులోని వేరావలునుండి వేటకు పోయిన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములవారు 2018 నవంబరులో పాకిస్తాను వారికి చిక్కిరి. వారిలో 20 మందిని 2020 జనవరి 6న వాఘావద్ద మనకప్పగించిరి. నీటిపై పోయినవారు ఏడాదికి పైగా చెరలో మగ్గి నేలపై తిరిగివచ్చిరి! 2008 మే 21న ఉభయదేశములు చేసికొనిన యొడంబడిక ప్రకారము, శిక్ష ముగిసి, జాతీయత నిర్ధారణయైన నెలలోపల ఖైదీని విడువవలయును. జాతీయత నిర్ధారణ యగుటెట్లు? ఊరిలోని గుడిసెలో, రేకుపెట్టె యడుగున నున్న కాగితములవలన. అవి దొరకని ప్రతిదినమును చెరలో మరియొక దినమే గదా!

సరిహద్దున తనిఖీయే వలదని మేము వాదింపము. 1,751 కిలోమీటర్ల నేపాళపు సరిహద్దున దొంగసరకు నాపవలసియున్నది. పడతులను అమ్మజూపు దుర్మార్గులను పట్టవలసియున్నది. మేము కోరునది వేరు. ఏ పొలిమేరకు ఏ పత్రమో తెలుగున వ్రాసి ప్రతి పంచాయతి కార్యాలయమునందును అంటింపుడు. పేరులోని పొడియక్షరములకై పేదవానిని కోర్టుచుట్టు త్రిప్పక, మండలకేంద్రమునందే సరిదిద్దుడు. పడవ కదలకమునుపే అందలివారి పత్రముల నకళ్లు రేవున నుంచుడు. మా మండలములోని జువ్వలదిన్నె రేవే ఇందుకు దారి చూపవచ్చును.

ప్రభుత్వము కదలువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండనేల? ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుట మన వాడుక కారాదు. పఠనమందిరముల యువకులు ఆదివారపు సాయంకాలము ఒక్క గంట కేటాయించి, ఇరుగుపొరుగుల ఓటరు కార్డులను పరికించి, తప్పులున్నచో 8వ నమూనా దరఖాస్తు నింపిపెట్టుదురు గాక. రుసుము లేని ఈ సేవకు దేశభక్తి యను పేరు చెల్లును. స్వరాజ్యమనగా జెండా యొక్కటియే కాదు. పరాయి పొలిమేరవద్ద నిలిచిన కూలివాడు తడబడక "నేను భారతపౌరుడను, ఇదిగో పత్రము" అని చేయి చాపగలుగుటయు స్వరాజ్యమే.