పట్టా ఎవరి పేర ఉంది?

మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న ఆదివారం అట్లాసు ముందువేసుకు కూర్చుని, ఒక వేలు భూగోళం నెత్తిమీదా, మరో వేలు దక్షిణ అమెరికా నడిమధ్యనా పెట్టి, "నాన్నా! ఈ రెండు చోట్లా ఉన్నవాళ్ళలో ఎవరు బీదవాళ్ళు?" అని అడిగింది. పైవేలు అలాస్కా ఉత్తరపు కొసన ఉంది. అక్కడ ఉండేవారు ఇన్యుపియాట్‌లు. మన పుస్తకాలు ఎస్కిమోలని చెబుతూ వచ్చినవారిలో ఒక శాఖ. కిందివేలు పరాగ్వే దేశం మీద ఉంది.

చేతిలో పేపరు దించకుండానే జవాబు చెప్పేశాను. "అదేం ప్రశ్నే? మంచులో ఉండేవాళ్ళకు ఏముంటుంది? పంటా లేదు, పాడీ లేదు. పరాగ్వేకేం లోటు? పెద్ద పెద్ద నదులు, ఎర్రటి సారవంతమైన నేల, మందలకొద్దీ పశువులు! బీదవాళ్ళు పైవాళ్ళే" అన్నాను. అమ్మాయి వెళ్ళి నోట్సులో రాసుకుంది.

రాత్రి ఎందుకో అనుమానం వచ్చి నాలుగు పుస్తకాలు తిరగేశాను గదా, నేను చెప్పింది తలకిందులు! కాలేజీలో పదిహేనేళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి, ఇంట్లో పిల్లకు తప్పు పాఠం చెప్పాను. నా చిన్నప్పటి వాచకంలో మంచుగడ్డల ఇల్లూ, దాని ముందు బొచ్చుకోటు వేసుకున్న మనిషీ ఉన్న బొమ్మ ఒకటి ఉండేది. ఆ బొమ్మే నాచేత అలా మాట్లాడించింది. నిజానికి అలాస్కా ఇన్యుపియాట్‌ల పాతకాలపు కాపురపు ఇళ్ళు మంచుగడ్డలవి కావు. మట్టిపెళ్ళలతో, సముద్రంలో కొట్టుకువచ్చిన దుంగలతో, తిమింగలం ఎముకలతో కట్టుకున్నవి. బొమ్మే తప్పయినప్పుడు దాని మీద కట్టిన జవాబు ఏపాటిది? ఆ తప్పు దిద్దుకోవడమే ఈ వారం పని.

ముందు పైవేలి సంగతి చూద్దాం.

అలాస్కా ఉత్తర తీరమంతా కలిపి నార్త్ స్లోప్ బరో అని ఒక జిల్లా. విస్తీర్ణంలో మన తెలంగాణకు రెండింతలు. 2020 జనాభా లెక్కల్లో తేలిన మనుషులు మాత్రం సుమారు 11 వేలు. అందులోనూ కొందరు చమురు బావుల దగ్గర పనికోసం వచ్చినవారు. ఊళ్ళు మొత్తం ఎనిమిది. పెద్ద ఊరు ఉత్కియాగ్విక్. 2016 దాకా దాన్ని బారో అనేవారు. ఆ ఏడు ఊరివాళ్ళే వోట్లు వేసి పాతపేరు తిరిగి పెట్టుకున్నారు. అక్కడ నవంబరులో అస్తమించిన సూర్యుడు మళ్ళీ జనవరి చివరకు గాని మొహం చూపించడు. బయటి ఊళ్ళనుంచి రోడ్డన్నది లేదు. సామాను విమానంలో రావాలి, లేదా వేసవిలో సముద్రం మంచు విడిచినప్పుడు పడవ మీద రావాలి.

అటువంటి చోట, ప్రూడో అఖాతం దగ్గర, 1968లో చమురు పడింది. ఉత్తర అమెరికా మొత్తంలోకీ పెద్ద నిక్షేపం. అయితే ఆ నేలను 1964లోనే అలాస్కా రాష్ట్ర ప్రభుత్వం తన వాటా కింద ఎంచుకుని ఉంది. తరతరాలుగా అక్కడ వేటాడుతున్నవారి దగ్గర ఏ కాగితమూ లేదు. కాగితం లేనివాడి మాట ఎవరు వింటారు? కాని ఇక్కడ కథ ఒక మలుపు తిరిగింది. చమురును దక్షిణానికి చేర్చాలంటే అలాస్కా పొడుగునా గొట్టం వెయ్యాలి. ఆ నేల మాదంటూ అక్కడి ఆదివాసులు వేసిన దావాలు తేలితేగాని గొట్టం కదలదు. అందుచేత అంతవరకూ ఎవరూ పట్టించుకోని మనుషుల సంతకం ఒక్కసారిగా విలువైనదైపోయింది.

1971 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం చట్టం చేసింది. అలాస్కా ఆదివాసులందరికీ కలిపి 4 కోట్ల 40 లక్షల ఎకరాలు, 96 కోట్ల 25 లక్షల డాలర్లు. నేల మనిషికింత అని పంచలేదు. ప్రాంతానికొక కంపెనీ చొప్పున 12 పెట్టి, వాటికింద ఊరి కంపెనీలు పెట్టి, బతికి ఉన్న ప్రతివారికీ ఆ కంపెనీలలో వాటాలు ఇచ్చారు. ఆ వాటాలను బజారులో అమ్ముకోవడానికి వీల్లేదు. ఈ ఒక్క షరతూ గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది. ఒక కంపెనీ నేలలో గనో, చమురో పడితే దాని రాబడిలో నూటికి డెబ్బై పాళ్ళు పన్నెండు కంపెనీలూ పంచుకోవాలని కూడా రాశారు.

ఇచ్చింది ఎక్కువేమీ కాదు సుమా! అలాస్కా నేలలో ఎనిమిదో వంతుకన్న కాస్త తక్కువే. మిగిలినదాని మీద హక్కు శాశ్వతంగా వదులుకోవలసి వచ్చింది. ప్రూడో అఖాతం రాష్ట్రానిదే అయింది. అయితే ఉత్తర తీరంవారు అంతటితో ఊరుకోలేదు. 1972లో తమ ఊళ్ళనూ చుట్టూ ఉన్న నేలనూ కలిపి జిల్లాగా ప్రకటించుకున్నారు. ఎబెన్ హాప్సన్ అనే ఇన్యుపియాట్ నాయకుడు మొదటి మేయరు. ఆయన ఎత్తు ఒకటే: చమురు మాది కాకపోతే పోనీ, బావులూ గొట్టాలూ యంత్రాలూ మా జిల్లాలో ఉన్నాయి గనుక వాటిమీద ఇంటిపన్ను వేసినట్టే పన్ను వేస్తాం. చమురు కంపెనీలు కోర్టుకు వెళ్ళాయి. జిల్లా నిలిచింది. 1977లో గొట్టంలో చమురు పారింది. ఆ పన్నుతో బడులు, ఆసుపత్రులు, కరెంటు, నీళ్ళు, ఉద్యోగాలు వచ్చాయి. అంతకుముందు హైస్కూలు చదువుకు పిల్లలు ఇల్లు విడిచి ఎక్కడో దూరపు హాస్టళ్ళకు పోవలసి వచ్చేది. ఇప్పుడు బడి ఇంటి ముందుంది.

ఇక కిందివేలి సంగతి.

పరాగ్వేకు సముద్రం లేదు. విస్తీర్ణం 4 లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 2022 లెక్కల ప్రకారం జనం సుమారు 61 లక్షలు, మన హైదరాబాదు జనమంత కూడా కాదు. నేలకు కొరత లేదు, నీటికి కొరత లేదు. 1811లో స్వతంత్రమైన ఈ దేశంలో పందొమ్మిదో శతాబ్దం సగందాకా నేలలో అత్యధిక భాగం ప్రభుత్వానిదే. రైతులు కొద్దిపాటి శిస్తు కట్టి దున్నుకునేవారు. పట్టా ఎవరికి కావాలి? తాత దున్నాడు, తండ్రి దున్నాడు, నేను దున్నుతున్నాను, అంతే.

1864లో యుద్ధం వచ్చింది. ఒకవైపు పరాగ్వే ఒక్కటే. అవతల బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే మూడూ కలిసి. 1870లో ముగిసేసరికి జనాభాలో పెద్దభాగం నశించింది. మగవాళ్ళు మరీ మిగలలేదు. ఖజానా ఖాళీ, మీదమిక్కిలి అప్పులు. ప్రభుత్వం 1883లోనూ 1885లోనూ చట్టాలు చేసి దేశపు నేలను అమ్మకానికి పెట్టింది. కొన్నది ఎవరు? డబ్బున్నవారు, అంటే చాలావరకు విదేశాలవారు. చాకో అనే పడమటి మైదానంలో ఒక్క వ్యాపారే లక్షల హెక్టార్లు కొన్నాడు. దున్నుకుంటున్న రైతు తెల్లవారి లేచేసరికి తన పొలంలో తానే పరాయివాడు. చాకోలో వేటాడుకునే ఆదివాసులకైతే తమ అడవి అమ్ముడుపోయిందన్న కబురే అందలేదు.

తర్వాతి కథ ఊహించుకోవచ్చు. 1954 నుంచి 1989 దాకా స్ట్రోస్నర్ అనే సైనికాధిపతి ఏలాడు. రైతులకు పంచవలసిన ప్రభుత్వ భూమిలో లక్షల హెక్టార్లు తన అనుచరులకు ధారపోశాడు. 2008 వ్యవసాయ గణన ప్రకారం నూటికి ఇద్దరు ముగ్గురి చేతిలో నాలుగింట మూడు వంతులకు మించిన భూమి ఉంది. అందులో ఇప్పుడు సోయా పండుతుంది, పశువులు మేస్తాయి. ప్రపంచంలో సోయా బాగా ఎగుమతి చేసే నాలుగైదు దేశాల్లో పరాగ్వే ఒకటి. కాని సోయాకు యంత్రాలు కావాలి గాని మనుషులు అక్కర్లేదు. అర ఎకరం, ఎకరం ఉన్నవాడు కర్రపెండలం వేసుకు తింటాడు. అదీ లేనివాడు రాజధాని అసున్‌సియోన్‌లో ఏటి ఒడ్డున పాక వేసుకుంటాడు, లేదా అర్జెంటీనా వెళ్ళి ఇళ్ళు కట్టే పనిలో చేరతాడు.

పన్ను సంగతి అడుగుతారా? వ్యక్తుల ఆదాయం మీద పన్ను అక్కడ అమలుకు వచ్చిందే 2012లో. ముడి ధాన్యం ఎగుమతి మీద పన్ను వేస్తామని 2013లో పార్లమెంటు బిల్లు తెస్తే అధ్యక్షుడు తోసిపుచ్చారు. అక్కడ మంచులో హాప్సన్ చేసిన పని ఇక్కడ జరగలేదు. సంపద ఊరిమీదుగానే పోతుంది, సుంకం కట్టకుండా పోతుంది.

ఇంకొక కాగితం కూడా ఉంది. అలాస్కా చట్టం వచ్చిన రెండేళ్ళలోపే, 1973లో, పరాగ్వే బ్రెజిల్‌తో ఒప్పందం చేసుకుని పరానా నది మీద ఇతైపూ ఆనకట్టకు ఒప్పుకుంది. 1984లో కరెంటు మొదలయింది. దాని శక్తి 14,000 మెగావాట్లు. సగం పరాగ్వేది, సగం బ్రెజిల్‌ది. కాని తన సగంలో వాడుకోగా మిగిలినది బ్రెజిల్‌కే ఇవ్వాలని, దానికి ప్రతిఫలం ఒప్పందంలో రాసినంతేనని షరతు. కట్టిన అప్పు తీరేసరికి 2023 వచ్చింది. ఇంత కరెంటు గల దేశంలో పల్లెటూరి ఆడవాళ్ళు చాలామంది ఇప్పటికీ కట్టెలపొయ్యి మీదనే వండుతున్నారు.

కాబట్టి బీదవాళ్ళు పైవాళ్ళు కారు, కిందివాళ్ళు. ఇక్కడితో ఆపేస్తే సగటు లెక్క చూసి ఏరు దాటబోయి ముంచుకున్న కరణంగారి కథ అవుతుంది. ఉత్తర తీరంలో తలసరి లెక్క కట్టినప్పుడు చమురు విలువంతా ఆ 11 వేల తలల మీద పంచి చూపిస్తారు. అది వాళ్ళ జేబులోకి వచ్చిన డబ్బు కాదు. సరుకంతా విమానంలో రావాలి గనుక అక్కడ పాలడబ్బా ధర విన్నామంటే మనం కాఫీ మానేస్తాం. అలాస్కా చమురు 1988లో రోజుకు 20 లక్షల పీపాలు పారింది. ఇప్పుడు అందులో నాలుగోవంతు మాత్రమే. చమురు తగ్గితే పన్ను తగ్గుతుంది, పన్ను తగ్గితే బడి ఏమవుతుందోనన్న బెంగ వాళ్ళకూ ఉంది. గడ్డకట్టిన నేలలో తవ్వుకున్న మాంసపు కొట్లలోకి, వాతావరణం వేడెక్కడంచేత, నీళ్ళు ఊరుతున్నాయి.

ఇక ఆ కొట్లలో ఉండేది ఏ లెక్కలోకీ రాదు. తిమింగలాన్ని కొడితే దాని మాంసం అమ్మకూడదు. పడవ యజమానికింత, పడవలో ఉన్నవారికింత, ఊరికింత. జూన్‌లో నలుకతాక్ అనే పండుగనాడు వచ్చినవారందరికీ పంచుతారు. ముసలివాళ్ళ ఇంటికి పిల్లలు మోసుకువెళ్ళి ఇస్తారు. రూపాయల్లో దాని విలువ సున్న. కడుపులో దాని విలువ ఏమిటో వాళ్ళకే తెలుసు.

పరాగ్వే పక్షాన కూడా న్యాయంగా చెప్పాలి. ఈ శతాబ్దం మొదట్లో అక్కడ దాదాపు సగంమంది పేదలు. ఇప్పుడు నూటికి పాతికమందికి లోపు. పైగా వారి దగ్గర ఇన్యుపియాట్‌ల దగ్గర కరువైన సొత్తు ఒకటి ఉంది. తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడి కళ్ళు ముందు దానిమీదనే పడతాయి. అది భాష.

పరాగ్వేలో ఎక్కువమంది గ్వారానీ మాట్లాడతారు. అది ఆదివాసుల భాష. కాని మాట్లాడేవారిలో అత్యధికులు ఆదివాసులు కారు. బడిలో గ్వారానీ మాట్లాడితే శిక్షించిన రోజులున్నాయి. అయినా బజారులోనూ వంటింట్లోనూ అది చావలేదు. 1992 రాజ్యాంగం దాన్ని స్పానిష్‌తో సమానంగా అధికారభాషను చేసింది. వాళ్ళ రూపాయి పేరు కూడా గ్వారానీయే. ఉత్తర తీరంలో చూడండి: దూరపు హాస్టళ్ళలో చదివిన తరం సొంతమాట ఆడినందుకు దెబ్బలు తిన్నది. ఆ దెబ్బలు తమ పిల్లలకు తగలకూడదని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడింది. ఇప్పుడు ఇన్యుపియాక్ భాష ధారాళంగా వచ్చినవారు ఎక్కువగా పెద్దవయసువాళ్ళే. చమురు పన్నుతో కట్టిన బడిలోనే ఆ భాషను మనవలకు మళ్ళీ అక్షరం అక్షరం నేర్పిస్తున్నారు. ఒకరు నేల పోగొట్టుకుని నాలుక నిలుపుకున్నారు. మరొకరు నేలలో కొంత నిలుపుకున్నారు, నాలుకను వెతుక్కుంటున్నారు.

ఇదంతా మా అమ్మాయికి చెప్పి, "నా జవాబు కొట్టెయ్యమ్మా" అన్నాను. కొట్టేసింది. "మరి ఏమని రాయను?" అంది. నేల ఎంత ఉంది, పంట ఎంత ఉంది అని కాకుండా, పట్టా ఎవరి పేర ఉంది, దాన్ని అమ్మించే వీలు ఎవరికుంది, దారిన పోయే సంపద మీద పన్ను వేసే అధికారం ఎవరికుంది అని అడగమన్నాను. పిల్ల కాసేపు ఆలోచించి మూడూ రాసుకుని, కింద తనంతట తానే నాలుగోది చేర్చింది: "ఇంట్లో ఏ భాషలో మాట్లాడుకుంటారు?"

వాళ్ళ మాస్టారు దీనికి ఎన్ని మార్కులు వేస్తారో తెలియదు. ప్రశ్నకు ప్రశ్నలు రాసుకొచ్చిందని సున్న వేసినా వెయ్యవచ్చు. ఆ సున్నలో నాకూ వాటా ఉంటుంది.