తల్లికి చెప్పని మాట

వైద్యునిపై వ్యాజ్యము వేయువారందరును ధనాపేక్షచేతనే వేయుదురను నమ్మకము మన పెద్దమనుష్యులలో గట్టిగా వేరూనియున్నది. ఈ వారము సింగపూరులోని పాయా లేబరు మెట్రో స్టేషనుకు సమీపముననున్న ఫుడ్ కోర్టులో కాఫీ త్రాగుచు ఒక మిత్రుడు ఆ మాటయే సెలవిచ్చెను: "అమెరికా జబ్బు ఇక్కడిక్కూడా పాకిందండీ. ఇలా అయితే కానుపులు చేసే డాక్టరంటూ మిగలడు." ఆయన ఇద్దరు బిడ్డల తండ్రి. ఆ ఇద్దరిని కన్న శ్రమ ఆయనది కాదు గనుక ఈ విషయమున ఆయనకుగల ధైర్యము మెచ్చదగినదే.

మా అంతస్తులోనే కాపురమున్న ఒక తెలుగు ఇల్లాలి బిడ్డను ఆయన చూచియుండలేదు. మూడు నెలల పసికందు. ఎడమచేతిని ఆడించినట్లు కుడిచేతిని ఆడింపజాలదు; అది భుజమునుండి వ్రేలాడి, లోనికి మెలిదిరిగి, అరచేయి వెనుకకు మరలి యుండును. విచిత్రమేమన, అమ్మమ్మ తన చూపుడువ్రేలు ఆ చేతికందించినచో వ్రేళ్లు గట్టిగనే పట్టుకొనును. కానుపు సమయమున తల వెలికివచ్చిన పిదప భుజము తల్లి కటిభాగపుటెముక వెనుక చిక్కుకొనినప్పుడు, ప్రాణము దక్కించుటకై చేసెడి పెనుగులాటలో, మెడనుండి చేతికి పోవు నరముల కట్ట సాగి గాయపడుటచే ఈ స్థితి కలుగును. పెక్కుమంది శిశువులకు కొన్ని నెలలలో నయమగును; కొందరికి కాదు. వైద్యులు చేయవలసినదంతయు చేసినను ఇట్లు జరుగవచ్చునని ఒప్పుకొనుట న్యాయము. ఆ తల్లియు దానిని కాదనుట లేదు. ఆమె నన్నడిగినది వేరు. "కేసు వెయ్యాలని కాదు బాబాయిగారూ. నాకు షుగరుందని తెలుసు, బిడ్డ పెద్దదని స్కానింగులో తెలుసు. భుజం పట్టేయొచ్చని ఒక్క మాట ముందు ఎందుకు చెప్పలేదు? పోనీ, తరవాతైనా లోపల ఏం జరిగిందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరేం?"

సరిగా ఈ ప్రశ్ననే స్కాట్లండునందలి నాడిన్ మాంట్‌గోమరీ అను నామె న్యాయస్థానమున అడిగినది. ఆమెయు మధుమేహము కలది, పొట్టి మనిషి. అట్టివారి బిడ్డకు భుజము చిక్కుకొను అవకాశము నూటికి తొమ్మిది పదియని వైద్యురాలికి తెలిసియు, చెప్పినచో ఆడవారందరును సిజేరియనే కోరుదురని చెప్పక ఊరకుండెను. 1999లో ఆ కానుపున తలకును దేహమునకును నడుమ పన్నెండు నిమిషములు గడచి, బిడ్డ మెదడును చేతి నరములును చెడినవి. స్కాట్లండు న్యాయస్థానములు రెండును ఆమెను త్రోసిపుచ్చగా, 2015లో బ్రిటిషు సుప్రీంకోర్టు ఆమె పక్షమున నిలిచి, ఏ ప్రమాదము చెప్పదగినదో నిర్ణయించునది తోడి వైద్యుల అభిప్రాయము కాదనియు, ఆ స్థితిలోనున్న రోగి దేనిని ముఖ్యమని తలచునో అదియే కొలబద్దయనియు తేల్చెను. 1957 నాటి బోలం వ్యాజ్యము మొదలుకొని, వైద్యులలో నొక బాధ్యతగల వర్గము సరియన్నదెల్ల సరియని సాగివచ్చిన సూత్రము, సలహా చెప్పు విషయమున, అంతటితో కూలినది.

2017లో సింగపూరు అప్పీలు కోర్టు సైతము హీ చీ కోక్ వ్యాజ్యమున, కొన్ని సవరణలతో, ఇదే త్రోవ పట్టినది. నేను సంతోషించితిని. నా సంతోషము ఐదేండ్లు నిలిచినది. వైద్యులు భయపడిరి, ప్రభుత్వము కమిటీ వేసెను, 2020లో శాసనసభ చట్టమును సవరించెను, 2022 జూలై 1 నుండి అది అమలులోనికి వచ్చెను. ఇప్పుడు మరల కొలబద్ద వైద్యుల అభిప్రాయమే. అయితే ఆ అభిప్రాయము రోగికి కావలసిన సమాచారమును లెక్కలోనికి తీసికొనియుండవలెనను నియమము మాత్రము జోడించిరి. తీర్పు తల్లి చేతికిచ్చిన తాళపుచెవిని చట్టము తిరిగి పుచ్చుకొని వైద్యుల గుత్తిలో కలిపి, అక్కర కలిగినప్పుడు ఇత్తురులెమ్మని చెప్పినట్లున్నది. వైద్యుల భయము వట్టిది కాదు: ఒక సూదిమందు వలన కలుగు బాధలను చెప్పలేదని ఒక యెముకల వైద్యునికి లక్ష డాలర్ల జరిమానా విధించిన ఉదంతమును 2019లో ఉన్నత న్యాయస్థానమే తప్పుబట్టి కొట్టివేయవలసి వచ్చెను. ఐనను ఆ యొక్క సూదిమందుకై కానుపుగదిలోని తల్లులందరు మూల్యము చెల్లింపవలయునా?

ఇక జపానును గూర్చి చెప్పక మానను. చెప్పితిననియు, మరల చెప్పుచున్నాననియు పాఠకులు విసుగుకొన్నను సరే. అక్కడ 2009 జనవరి నుండి, కానుపున మెదడు దెబ్బతిని తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ పాలైన శిశువునకు, నిర్ణీతమైన అర్హతలున్నచో, వైద్యుని తప్పు నిరూపింపకయే మూడుకోట్ల యెన్నులు ఇత్తురు: మొదట అరువది లక్షలు, పిదప ఇరువది యేండ్లు ఏటికి పండ్రెండు లక్షల చొప్పున. సొమ్ముకంటె నన్నాకర్షించినది వేరొకటి. ప్రతి శిశువు విషయమునను నిపుణుల సంఘమొకటి కారణమును విచారించి నివేదిక వ్రాసి, తలిదండ్రులకును ఆసుపత్రికిని చెరియొక ప్రతి పంపును. మా పొరుగు ఇల్లాలు అడుగుచున్నది ఆ నివేదికనే గాని మరొకటి కాదు. ఏమి జరిగినదో తెలిసికొనుటకు లాయరును పెట్టుకొనక తప్పని దేశములో, జనులు కోర్టుకెక్కుచున్నారని వగచుట ఎట్టి న్యాయము?

సింగపూరునకు ఇది చేతగాని పనియని నమ్మజాలను. కండాంగ్ కెర్బౌ ఆసుపత్రిలో 1966వ సంవత్సరమున 39,835 మంది శిశువులు జన్మించి, ఒకే ప్రసూతిశాలలో అన్ని కానుపులు లోకములో మరెచ్చటను జరుగలేదని గిన్నిస్ పుస్తకమున కెక్కినది. దినమునకు నూరింటికి పైమాట! ఆ ఆసుపత్రిలో సిజేరియనునకు గర్భాశయపు క్రిందిభాగమున కోయు సురక్షితమైన పద్ధతిని నెలకొల్పిన బెంజమిన్ షియర్స్ తదుపరి దేశాధ్యక్షుడే యయ్యెను. ప్రసూతిశాలకంత ఖ్యాతి, పురిటివైద్యునికంత పదవి ఇచ్చిన దేశము ఒక నివేదిక వ్రాసి యీయలేదా?

అన్నట్లు, సిజేరియను ప్రస్తావన వచ్చినది గనుక నా మిత్రుని విషయము ముగింపవలసియున్నది. కోర్టులకు వెరచియే వైద్యులు కడుపులు కోయుచున్నారని ఆయన వాదము. తెలంగాణములో 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము నూటికి అరువది కానుపులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రులలో ఎనుబదికి పైగా. ఇదంతయు కోర్టుభయమేనా? ఆసుపత్రి బిల్లు సంగతి యేమి? పంచాంగము సంగతి యేమి? ఆయన కోడలికి నెలలు నిండుచున్నవి. కాఫీ ముగియకముందే ఆయన సెల్‌ఫోను తీసి, హైదరాబాదునుండి సిద్ధాంతిగారు పంపిన రెండు ముహూర్తములు చూపి, "మొదటిదే ఖాయం చేశామండీ, డాక్టరమ్మ కూడా ఒప్పుకుంది" అనెను. ఆ ముహూర్తమునాటికి కోడలికి ముప్పదియేడు వారములు. ముప్పదితొమ్మిది నిండకముందు నొప్పులు రాకయే కోసి తీసిన బిడ్డలకు ఊపిరి యిబ్బంది హెచ్చని యేను చెప్పగా, ఆ లగ్నమున గురుడు కేంద్రమున నున్నాడని ఆయన బదులు పలికెను. కోడలిని అడిగితిరా యంటిని. "దానికేం తెలుసండీ, చిన్నపిల్ల" అనెను. ఆ బిడ్డ నాలుగు దినములు ఇంక్యుబేటరులో నున్నచో డాక్టరమ్మ చేతగానిదగును. సిద్ధాంతిగారికి మాత్రము బారసాలనాడు పట్టుపంచెలు ముట్టును. ముహూర్తము వికటించినదని సిద్ధాంతిపై దావా వేసినవారిని నేనింతవరకు చూడలేదు.