చదువు కోసం నిద్ర మానుకోవచ్చా?

"మా అమ్మాయి ఐదేళ్లు బి.ఆర్క్. చదివి, రెండేళ్లు ఒక ఆఫీసులో పనిచేసి, గేట్ పరీక్ష రాసి ఈ మధ్యే ఎం.ఆర్క్.లో చేరింది. కాలేజీ మా ఊరికి ఒక రాత్రి బస్సు ప్రయాణం. దసరాకు ఇంటికి వస్తే పోల్చుకోలేకపోయాను. కళ్ల కింద నల్లని చారలు, మెడ తిప్పితే నొప్పి, ఎడమచేతి చూపుడు వేలికి కట్టు. రోజుకు ఐదారు కాఫీలు తాగుతోంది. 'జ్యూరీ' అని ఒకటి ఉంటుందట. దానికి ముందు మూడు రాత్రులు కన్ను మూయలేదట. అది అయిపోయిన రోజు క్లాసు స్నేహితురాలి స్కూటరు వెనక కూర్చుని వస్తూ కునికిపాటు పడి, కింద పడబోయిందట. ఈ సంగతి నాతో చెప్పలేదు. తమ్ముడితో చెబుతూంటే విన్నాను. వాళ్ల నాన్నగారికి తెలిస్తే చదువు మాన్పించేస్తారు. ఇది నీరసమా, రక్తం తక్కువై వచ్చిందా? ఏదైనా మంచి టానిక్కు రాయండి. అసలు ఈ చదువు మాన్పించడమే మంచిదంటారా?"
— ఒక తల్లి, సదుం

అమ్మా, టానిక్కు సంగతి చివర చెబుతాను. ముందు స్కూటరు సంగతి.

మీ అమ్మాయి వెనక కూర్చుని కునికిందని మీరు భయపడ్డారు. నాకు అంతకంటే భయం వేసింది ముందు కూర్చున్న అమ్మాయిని తలచుకుంటే. ఆమెదీ అదే క్లాసు, అదే జ్యూరీ. ఆమె మాత్రం నిద్రపోయి ఉంటుందా? పొద్దున ఆరింటికి లేచిన మనిషి రాత్రి పదకొండు దాకా మేలుకుంటే 17 గంటలు అవుతుంది. ఆ సమయానికి చేతి నేర్పు, చూపు, నిర్ణయం తీసుకునే వేగం ఎంత తగ్గుతాయో 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చూశారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల సారాయి ఉన్నవాడు ఎలా తడబడతాడో అలాగే తడబడతారని తేలింది. 24 గంటలు మేలుకుంటే ఆ తడబాటు దాదాపు రెట్టింపు. మన దేశంలో 30 మిల్లీగ్రాములు దాటితేనే తాగి బండి నడిపినట్టు చట్టం లెక్క. మూడు రాత్రులు నిద్ర లేని పిల్లను పోలీసువాడు ఆపి గొట్టంలో ఊదించినా ఏమీ తేలదు. కానీ బండి నడపడానికి ఆమె తాగినవాడికంటే మెరుగేమీ కాదు. కాబట్టి మీ అమ్మాయికి మొదట చెప్పవలసిన మాట ఇది: జ్యూరీ అయిన రోజు ఆటోలోనో బస్సులోనో గదికి రావాలి. బండి ఎవరూ తీయకూడదు. పడుకుని లేచాక ఎక్కడికైనా వెళ్లవచ్చు.

ఈ చదువు గురించి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఎం.ఆర్క్. రెండేళ్ల చదువు, నాలుగు సెమిస్టర్లు. పుస్తకం చదివి పరీక్ష రాస్తే చాలదు. ఒక ఆస్పత్రో, బడో, బస్టాండో ఎలా కట్టాలో ఆలోచించి, ప్లాన్లు గీసి, అట్టలతో నమూనా చేసి, గోడకు తగిలించి, పెద్దల ముందు నిలబడి జవాబు చెప్పాలి. దాన్నే జ్యూరీ అంటారు. ఎంత చేసినా ఇంకా కొంత చేయవచ్చు అనిపించే పని అది. లెక్క చేసి జవాబు కింద గీత గీసి లేచిపోయినట్టు లేవడానికి వీలుండదు. వెనుకటి రోజుల్లో పారిస్‌లోని పెద్ద కళాశాలలో గడువు కాగానే బొమ్మలు పోగుచేయడానికి తోపుడుబండి వచ్చేదట. విద్యార్థులు బండి వెంట నడుస్తూ కూడా చివరి గీతలు గీసేవారని చెబుతారు. ఆ బండిని ఫ్రెంచిలో 'షారెట్' అంటారు. ఆర్కిటెక్టులు ఇప్పటికీ గడువు ముందరి హడావుడిని ఆ పేరుతోనే పిలుస్తారు. అంటే ఈ జబ్బు మీ అమ్మాయితో మొదలైంది కాదు.

పైగా ఇప్పుడు ఆమె మొదటి ఏడాది బి.ఆర్క్. పిల్ల కాదు. రెండేళ్లు జీతం తీసుకుని వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు వేరే వేరే కాలేజీలవాళ్లు. ఒకరికి కంప్యూటరు బాగా వస్తుంది, ఒకరికి ఇంగ్లీషు ధారాళంగా వస్తుంది. 'సదుం నుంచి వచ్చిన నేను వెనకబడిపోతానేమో' అని మొదటి సెమిస్టరులో అనిపించడం సహజం. ఆ బెంగకు చాలామంది కనిపెట్టే మందు ఒక్కటే: ఇంకో రెండు గంటలు మేలుకోవడం. మొదటి సెమిస్టరులో పడిన ఆ అలవాటు థీసిస్ దాకా వదలదు.

నేనూ ఆ తప్పు చేసినవాడినే. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు 36 గంటలు ఏకబిగిన డ్యూటీ చేసి, మెస్సులో కూర్చుని గొప్పలు చెప్పుకునేవాళ్లం. ఒక తెల్లవారుజామున ఒక రోగి మందు ఇంకో రోగి కేసు షీటు మీద రాశాను. రాస్తున్నప్పుడు ఏ అనుమానమూ రాలేదు. అనుభవం గల సిస్టర్ చూసి ఆపింది కాబట్టి సరిపోయింది. నిద్ర చాలని మెదడులో ఉన్న మోసం అదే. పని బాగానే చేస్తున్నానని అది నమ్మిస్తుంది. మీ అమ్మాయిని అడిగి చూడండి, మూడో రాత్రి గీసిన ప్లానులో ఎక్కడో ఒక తలుపు గోడకు కొట్టుకునేలా తెరుచుకునే ఉంటుంది. పగలు నేర్చుకున్నదాన్ని మెదడు సర్దిపెట్టుకునేది కూడా నిద్రలోనే. మేలుకుని చదివింది నిలవదు.

పెద్దవారికి రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. వారమంతా అయిదేసి గంటలు పడుకుని ఆదివారం మధ్యాహ్నం దాకా లేవకపోతే ఆ నిద్ర బాకీ కొంత తీరుతుందేమో గాని, పూర్తిగా తీరదు. శివరాత్రి జాగారం ఏడాదికి ఒక్కసారే పెట్టారు మన పెద్దలు. నెలకు నాలుగు పెట్టలేదు.

మరి పని ఎలా అవుతుంది అంటారు. జ్యూరీ తేదీ ముందే తెలుస్తుంది కదా. దానికి రెండు రోజుల ముందు డిజైను మార్చడం ఆపేయాలి. ఇది కష్టమే, ఎందుకంటే మంచి ఆలోచనలన్నీ ఆఖరి రాత్రే వస్తున్నట్టు ఉంటాయి. వాటిని ఒక కాగితం మీద రాసుకుని జ్యూరీలో నోటితో చెప్పవచ్చు. ప్రింట్లు ముందురోజు పగలే తీయించుకోవాలి. ఆఖరి రోజు రాత్రి ప్రింటు షాపు ముందు క్యూ, చెడిపోయిన ఫైలు, అయిపోయిన ఇంకు, వీటికే సగం జాగారం పోతుంది. ఎప్పుడైనా తప్పనిసరి అయితే పూర్తిగా మేలుకోవడం కంటే మూడు నాలుగు గంటలైనా పడుకోవడం మేలు. మధ్యాహ్నం భోజనం తరువాత 20 నిమిషాల కునుకు మంచిదే. గంటన్నర పడుకుంటే మాత్రం రాత్రి నిద్ర రాదు.

కాఫీ మానమని నేను అనను. అంటే వినరు, నేనూ మానలేదు. కాఫీలోని కెఫీను సగం కరగడానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కప్పులో సగం రాత్రి పదకొండుకు కూడా రక్తంలోనే ఉంటుంది. ఆరోగ్యవంతులు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీను దాకా తట్టుకోగలరు. ఐదారు కాఫీలంటే చిక్కదనాన్ని బట్టి ఆ హద్దు దాటవచ్చు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండు లోపల ఒకటి చాలు. డబ్బాల్లో వచ్చే ఎనర్జీ డ్రింకులు, నిద్ర రాకుండా వేసుకునే మాత్రలు వద్దే వద్దు. గుండె దడ వచ్చి ఆస్పత్రికి పరుగెత్తిన పిల్లలను చూశాను.

వేలి కట్టు సంగతి. సన్‌బోర్డు, మౌంట్‌బోర్డు కోసేటప్పుడు కట్టరు జారి ఉంటుంది. మొండి బ్లేడే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే గట్టిగా అదమాల్సి వస్తుంది. కొత్త బ్లేడు, స్టీలు స్కేలు పెట్టుకుని, ఒకే దెబ్బకు కోయకుండా తేలికగా మూడు నాలుగు సార్లు గీయాలి. నిద్రమత్తులో కట్టరు పట్టనే కూడదు. తెగితే కుళాయి నీళ్ల కింద కడిగి, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి. మధ్యమధ్య తీసి చూడకూడదు. కాఫీ పొడి అద్దడం మన ఇళ్లలో అలవాటు, అది మానండి, గాయంలో మురికి చేరుతుంది. వేలి కొస మొద్దుబారినా, వేలు మడవలేకపోయినా నరమో స్నాయువో తెగిందేమో చూపించుకోవాలి, అదే రోజు. ధనుర్వాతం టీకా పదేళ్లలోపు వేయించుకున్నదో లేదో కనుక్కోండి.

ఇంకొకటి మీకు తెలిసి ఉండదు. నమూనాల్లో అక్రిలిక్ ముక్కలు అతికించడానికి చాలామంది పిల్లలు క్లోరోఫారం వాడతారు. అవును, వెనుకటి రోజుల్లో ఆపరేషనుకు మత్తు ఇచ్చిన మందే. తలుపులు వేసిన హాస్టలు గదిలో ఆ ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది, వాంతి వస్తుంది, తరచూ అయితే కాలేయం దెబ్బతింటుంది. ఆ పనీ, స్ప్రే రంగు పనీ ఆరుబయట చేయాలి. మంచినీళ్ల సీసాలో ఎప్పుడూ పోసి ఉంచకూడదు.

మెడ నొప్పికి మందు కంటే నాలుగు లావు పుస్తకాలు మంచివి. ల్యాప్‌టాప్‌ను వాటి మీద పెట్టి తెర పైఅంచు కళ్ల ఎత్తుకు తేవాలి, కీబోర్డు వేరేది కొనుక్కోవాలి. మంచం మీద పడుకుని గీయకూడదు. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూస్తే కళ్లకు అలసట తగ్గుతుంది. చేతిలోకి తిమ్మిరి దిగితే మాత్రం డాక్టరుకు చూపించాలి.

ఇక మీరు అడిగిన రక్తం సంగతి. ఆ అనుమానం సరైనదే. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తక్కువైతే డాక్టరు ఇనుము మాత్రలు రాస్తారు. వాటిని కాఫీ, టీలతో వేసుకుంటే ఒంటబట్టవు. పరీక్షలు సరిగా ఉంటే నీరసానికి కారణం నిద్రే.

చదువు మాన్పించమని మాత్రం నేను చెప్పను. కానీ పని లేని రోజున కూడా నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం, 'నా వల్ల కాదు, నేనెందుకు' అనే మాటలు రెండు వారాలు సాగితే అది అలసట కాదు, కుంగుబాటు. అప్పుడు మానసిక వైద్యుడికి చూపించాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ 'టెలీమానస్' వాళ్లు ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ప్రాణం తీసుకోవాలన్న మాట వస్తే రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే.

మీ అమ్మాయి ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ఒకసారి మదనపల్లె పక్కన ఆరోగ్యవరం చూసి రమ్మనండి. 1912లో మదనపల్లెలో మొదలై, 1915లో అక్కడికి మారిన క్షయ శానిటోరియం అది. 1940ల దాకా క్షయను కుదిర్చే మందే లేదు. అందుకని ఆనాటి డాక్టర్లు కొండగాలినీ, ఎండనూ, విశ్రాంతినీ మందులుగా వాడారు. క్షయను చివరికి ఓడించింది మందులే. అయినా గాలి ఆడే వార్డులో జబ్బు పక్కవాడికి అంటుకోవడం తగ్గుతుందన్న మాట ఇప్పటికీ నిలిచే ఉంది. అమెరికాలో రోజర్ ఉల్రిక్ అనే ఆయన 1984లో ఇంకో సంగతి రాశాడు. పిత్తాశయం ఆపరేషను అయిన 46 మందిని పోల్చి చూస్తే, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ కనిపించినవాళ్ల కంటే కొంచెం ముందుగా ఇంటికి వెళ్లారు, నొప్పికి బలమైన మందులు తక్కువ వాడారు. రేపు మీ అమ్మాయి గీసే కిటికీ ఎవరికో మందు అవుతుంది. అలాంటి పిల్ల తాను మాత్రం పరదాలు దించిన గదిలో, తెల్లవారినా ట్యూబులైటు కింద కూర్చుంటానంటే ఎలా? బల్లను కిటికీ దగ్గరికి జరపమనండి. పొద్దుటి వెలుతురు కంట పడితే రాత్రి సమయానికి నిద్ర దానంతట అదే వస్తుంది.

వాళ్ల నాన్నగారికి కూడా చెప్పండి. దాచితే ఇంకోసారి పడబోయినప్పుడు మీకూ చెప్పదు. కోపం తగ్గాక ఈ పేజీ ఆయన చేతికి ఇవ్వండి.

ఇప్పుడు టానిక్కు. ఏదీ రాయను. నెలకు ఒక డబ్బా రాగిపిండి పంపండి. నూరు గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. హాస్టల్లో సంగటి కెలకడం కుదరకపోయినా జావ కాచుకోవడం అయిదు నిమిషాల పని. ఇనుము కోసం ఆకుకూరలు, మాంసం తినేవారైతే వారానికి రెండుసార్లు మాంసం, భోజనంలో నిమ్మరసం. వేరుశనగపప్పు వేయించి పొడి కొట్టి పంపితే నెల దాకా నిలుస్తుంది, రాత్రి ఆకలికి అది మంచిది. ఊరిబిండి మాత్రం తడిది కాబట్టి పంపకండి, బస్సులోనే పులిసిపోతుంది. ఇంటికి వచ్చినప్పుడు చేసి పెట్టండి.