స్నేహితుని పిలుపుకు జవాబు



మన ఇళ్ళలో ఉత్తరం వ్రాయటానికి ఒక పద్ధతి ఉండేది. ఇన్‌లాండు కవరు తెచ్చి, పైన "క్షేమం" అని వ్రాసి, "మీ క్షేమసమాచారములు తెలియజేయగలరు" అని మొదలుపెట్టేవారు. చివర మడత పెట్టే భాగంలో మిగిలిన కాస్త చోటులో పిల్లలందరి పేర్లు వ్రాసి ముద్దులు, పెద్దలందరికీ వందనాలు చెప్పేవారు. చదువు పెద్దగా లేని మా అమ్మ కూడా ప్రక్కింటి పిల్లవాని చేత అలాగే వ్రాయించేది. ఉత్తరానికి జవాబు ఇవ్వకపోవటం పెద్ద తప్పుగా ఎంచేవారు.

ఈ నెల నేను చెప్పబోయేది ఆ తప్పు చేసిన ఒకని సంగతి. ఆ ఒకడు నేనే.

డిప్లొమా చదివే రోజుల్లో నాకొక స్నేహితుడు ఉండేవాడు. మూడేళ్ళు ఒకే గది. నెలాఖరులో డబ్బు అయిపోతే వాళ్ళ ఊరి నుండి వచ్చిన ఆవకాయతోనే ఇద్దరం భోజనం కానిచ్చేవాళ్ళం. చదువు ముగిశాక అతడు గల్ఫుకు ఉద్యోగానికి వెళ్ళాడు, నేను పరిచర్యకు వచ్చాను. 2014లో అతడు స్వగ్రామంలో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రతిష్ఠకు రమ్మని నాకు ఈమెయిలు పంపాడు. అక్కడి కంప్యూటరులో తెలుగు లేదు గనుక ఇంగ్లీషులో వ్రాశాడు. ముందు రోజు రాత్రికే వస్తావా, ఎంతమంది వస్తారు, వాక్యం నీవే చెబుతావా అని మూడు ప్రశ్నలు అడిగాడు.

మండల కేంద్రంలోని నెట్ సెంటరులో కూర్చుని జవాబు మొదలుపెట్టాను. "రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్..." బడిలో నేర్చుకున్న సెలవు చీటీ ఇంగ్లీషు తప్ప నాకు వేరే రాదు. ఒకే కంచంలో తిన్నవానికి ఇదేమి ఉత్తరం అని నాకే సిగ్గు వేసింది. మంచి ఇంగ్లీషు ఎవరినైనా అడిగి రేపు వ్రాద్దామని లేచి వచ్చేశాను. ఆ రేపు రాలేదు. ఒక వారం ఆదివారపు బడి పండుగ, మరొక వారం సంఘంలో ఒక పెద్దాయన భూస్థాపన. చూస్తుండగానే ఆ తేదీ దాటిపోయింది.

రెండేళ్ళ తరువాత మరొక మిత్రుని ద్వారా తెలిసింది. ఆ రాత్రి అతడు మా కోసం మంచాలు వేయించి, ఆఖరి బస్సు వచ్చేదాకా రోడ్డు మీద నిలబడ్డాడట. "వాడు పెద్దవాడైపోయాడు, మనం ఇక కనిపించం" అన్నాడట. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అతడు సెలవుకు వచ్చినప్పుడు వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. అతడు అన్నది ఒక్కటే. "రానని ఒక్క ముక్క వ్రాసినా చాలేదిరా."

లూకా సువార్త 14వ అధ్యాయంలో గొప్ప విందు ఉపమానం మీకు తెలిసినదే. ఒకడు పొలం కొన్నాడు, ఒకడు ఐదు జతల ఎడ్లు కొన్నాడు, ఒకడు పెళ్ళి చేసుకున్నాడు. వారి సాకులను ఖండిస్తూ నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. కాని ఆ ముగ్గురైనా ఒక జవాబు పంపారు. నేను అదీ పంపలేదు.

ఇంగ్లీషు పెళ్ళికార్డుల అడుగున "ఆర్.ఎస్.వి.పి." అనే నాలుగు అక్షరాలు చూసే ఉంటారు. అవి ఫ్రెంచి మాటల పొడి అక్షరాలు. దయచేసి జవాబియ్యండి అని వాటి భావం. పిలిచినవారు ఎందుకు అడుగుతారు? బియ్యం ఎంత పోయాలో, ఎన్ని విస్తళ్ళు తేవాలో, ఎవరికి ఎక్కడ పడక వేయాలో వారికి తెలియాలి గనుక. మనమేమో రానిచోటికి కూడా "చూద్దాంలెండి", "ప్రయత్నిస్తాం" అంటాము. కాపరులమైన మేము "ప్రభువు చిత్తమైతే" అంటాము. అది విశ్వాసంతో అనవలసిన మాట. కాదని చెప్పలేక దానిని అడ్డు పెట్టుకుంటే, ఆ ఇంటి ఇల్లాలు మన కోసం వండి పారబోస్తుంది.

ఆ తరువాత ఈమెయిలు వ్రాయటం సరిగా నేర్చుకోవాలనుకున్నాను. ఇంటరు చదివే మా అమ్మాయే నాకు గురువు. నా మొదటి ఉత్తరం చూసి, "నాన్నా, మీరు అంకుల్‌కు జవాబు వ్రాస్తున్నారా, ఎమ్మార్వోకు అర్జీ పెడుతున్నారా?" అంది. ఆమె దగ్గర నేర్చుకున్నది మీకూ చెబుతాను.

మొదటిది, పిలుపు వచ్చిన ఉత్తరాన్నే తెరిచి "రిప్లై" నొక్కాలి. అప్పుడు చిరునామా దానంతట అదే వస్తుంది. చేత్తో కొట్టేటప్పుడు ఒక అక్షరం తప్పినా ఉత్తరం చేరదు. "రిప్లై ఆల్" నొక్కితే ఆ ఉత్తరం అందుకున్న వారందరికీ మన జవాబు వెళుతుంది. ఇంటి ఇబ్బందులు చెప్పుకునేటప్పుడు ఈ సంగతి మరువకూడదు. "సి.సి." అంటే కార్బన్ కాపీ. మనం రసీదు పుస్తకంలో పెట్టే కార్బను కాగితం పేరే అది. 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు ఉత్తరం పంపినప్పుడు, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య "ఎట్" గుర్తు ఉంచాడు. ఫలానావారు, ఫలానాచోట అని దాని అర్థం.

రెండవది, స్నేహితుడు అడిగిన ప్రశ్నలు లెక్కపెట్టి ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాలి. కేంబ్రిడ్జి వారి బి1 ప్రిలిమినరీ అనే ఇంగ్లీషు పరీక్షలో ఇదే అడుగుతారు. స్నేహితుని ఈమెయిలు ఇచ్చి, ప్రక్కన నాలుగు సూచనలు పెట్టి, ఆ నాలుగూ వచ్చేలా సుమారు 100 మాటల్లో జవాబు వ్రాయమంటారు. వంద మాటలు చాలు. చాంతాడంత ఉత్తరం అక్కరలేదు.

మూడవది, వరుస. పిలిచినందుకు సంతోషం, వస్తామో రామో స్పష్టమైన మాట, వివరాలు, మనం అడగవలసిన ప్రశ్న, చివరకు ప్రేమ, పేరు. ఇలా వ్రాయవచ్చు:

"ప్రియమైన మిత్రమా, వందనాలు. నీ ఉత్తరం చూసి ఇంటిల్లిపాదీ సంతోషించాం. మేము నలుగురం తప్పక వస్తాం. శుక్రవారం రాత్రి 8 గంటల బస్సుకు దిగుతాం. అమ్మకు షుగరు గనుక రెండు చపాతీలు చాలు. వాక్యం నేనే చెబుతాను. బస్సు దిగాక ఎటు రావాలో ఒక ముక్క వ్రాయి. చెల్లెమ్మకు, పిల్లలకు మా ప్రేమ. నీ స్నేహితుడు."

వెళ్ళలేనప్పుడు ఇంకా త్వరగా వ్రాయాలి:

"నీ పిలుపు అందింది, చాలా సంతోషం. ఆ రోజే మా సంఘంలో ఒక పెళ్ళి జరిపిస్తానని రెండు నెలల క్రితం మాట ఇచ్చాను. అందుచేత రాలేను. మనసు అక్కడే ఉంటుంది. 20వ తేదీ తరువాత నీవు ఊళ్ళోనే ఉంటే వచ్చి ఇల్లు చూస్తాం. ఉంటావా?"

కారణం ఒకటే చెప్పాలి, నిజమైనదే చెప్పాలి. నాలుగు కారణాలు చెబితే ఒక్కటీ నమ్మబుద్ధి కాదు. మళ్ళీ ఎప్పుడు వస్తామో చెబితే తలుపు మూసినట్టు ఉండదు.

ఇంగ్లీషులో వ్రాసే పిల్లలకు ఒక మాట. స్నేహితునికి "సర్" వద్దు. "డియర్" అని అతని పేరు చాలు. "థ్యాంక్స్ ఫర్ ఇన్వైటింగ్ అస్" అంటే చాలు, బెగ్ చేయనక్కరలేదు. "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" ఆఫీసులకు. స్నేహితునికి "బెస్ట్ విషెస్" అనో "లవ్" అనో వ్రాసి పేరు పెట్టండి. అన్నీ పెద్ద అక్షరాలతో వ్రాయవద్దు. చదివేవారికి కేకలు వేసినట్టు ఉంటుంది. ఇప్పుడు ఫోనులోనే తెలుగు అక్షరాలు ఉన్నాయి గనుక, తెలుగు వచ్చినవారికి తెలుగులోనే వ్రాయండి. నా సిగ్గుకు అదే మందు అయింది.

ఈ రోజుల్లో పిలుపులు వాట్సాప్‌లోనూ వస్తున్నాయి. బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటాము. వస్తున్నట్టా, చూసినట్టా? అక్కడ కూడా రెండు మాటలు వ్రాయటమే మర్యాద.

గత సంవత్సరం ఆ స్నేహితుడు తన కుమారుని బాప్తిస్మానికి పిలుస్తూ మళ్ళీ ఈమెయిలు పంపాడు. ఆ రాత్రే జవాబు వ్రాశాను, తెలుగులో. వాక్యాల్లో రెండు తప్పులు ఉన్నాయని మా అమ్మాయి తరువాత చూపించింది. మేము బస్సు దిగేసరికి అతడు రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

మీ ఫోనులోనో, పెట్టెలోనో జవాబు ఇవ్వని పిలుపు ఏదైనా ఉంటే, ఈ పేజీ మూసి ముందు అది వ్రాయండి. తేదీ దాటిపోయినా సరే వ్రాయండి.

వచ్చే నెల కలుసుకుందాము.

మీ కాపరి